గిటారుకు కాలు తగిలితే

మొన్న లండన్ శివార్లలోని హారోలో మా అమ్మాయి ఇంట్లో కార్పెట్ మీద పెట్టి ఉన్న గిటారుకు నా మనవరాలి కాలు తగిలింది. ఆ పిల్ల తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చే రకమే అయినా, వాళ్ళమ్మ నేర్పిన అలవాటు కొద్దీ వంగి దాన్ని తాకి కళ్ళకద్దుకోబోయింది. నేను ఒక్క అరుపు అరిచి, సోఫాలోంచి దిగి ఆ చిన్న చేతిని నా చేత్తో కప్పేశాను. పిల్ల బిత్తరపోయింది, మా అమ్మాయి గరిటె పట్టుకునే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏమీ లేదులే అని సర్దిచెప్పాను.

ఏమీ లేకపోవడమేమిటి, నా ఎడమచేతిని చూస్తే తెలుస్తుంది. నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, తెల్లకుర్రాళ్ళు వెనకనుంచి వచ్చి కొడతారేమోనని బస్టాపులో గోడకు వీపు ఆనించి నిలబడిన రోజులు. న్యూకాసిల్లో నేను ఆస్పత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. పక్కింట్లో ఐరిష్ పెద్దాయన ఒకరుండేవారు, ఫిడేలు వాయించేవారు. చిన్నప్పుడు నేను వీణ నేర్చుకున్నానని తెలిసి ఒక పాత గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, వాళ్ళ నాట్యపు పాటలు ఒక్కొక్కటే నేర్పారు. జిగ్ అంటారే, మన తకిట తకిట నడకలో ఊపిరి తిప్పుకోనివ్వకుండా పరుగెత్తేది, దానితో నా వేళ్ళు చిట్లి తీగలకు రక్తం అంటుకునేది, అయినా మానలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన వెళ్ళే పబ్బులో నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుని వాయించేవాళ్ళు. వాళ్ళకో కట్టుబాటు ఉండేది, ఒక పాట ఎత్తుకున్నాక మూడుసార్లు పూర్తయ్యేదాకా ఎవరూ ఆపకూడదు. ఆ గుండ్రంలో నాకూ ఒక కుర్చీ దొరికింది. ఈ దేశంలో ఎవరి దయా లేకుండా నాకు దక్కిన చోటు అదొక్కటే. మా ఆయన నారింజరసం గ్లాసు పట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చునేవారు.

ఒక ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడిపోయి తాగి ఉన్న మనుషులు ముగ్గురు లోపలికొచ్చారు. మీ దేశాలకు మీరు పొండని నన్నూ పెద్దాయన్నీ కలిపే తిట్టారు. మేము వాయిస్తూనే ఉన్నాం. అది చూసి వాళ్ళకు ఒళ్ళు మండింది కాబోలు, ఒకడు గ్లాసు గోడకేసి కొట్టాడు, ఇంకొకడు నా ఒళ్ళో గిటారు లాగి నేల మీద పడేసి బూటుకాలితో తొక్కాడు. అప్పుడు పారిపోవాలి, లేదా వాడి మొహం రక్కాలి. నేనేం చేశానో చూడండి, వాద్యానికి కాలు తగిలిందని వంగి, రెండు చేతులా దాన్ని తాకి కళ్ళకద్దుకోబోయాను. వాడు నా ఎడమచేతిని తొక్కి మడమతో నలిపాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

పెద్దాయన లేచారు. వాళ్ళ నాన్న వాయించిన ఫిడేలది, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు, దాన్ని రెండు చేతులా ఎత్తి వాడి మొహం మీద బద్దలుకొట్టారు. ముక్కు పగిలి నెత్తురు నా చీరంతా పడింది. ఇంట్లో తలుపు కూడా గట్టిగా వేయని మా ఆయన స్టూలు ఎత్తి ఇంకొకడి భుజం విరగ్గొట్టి, పోలీసులొచ్చేలోగా రెండు పళ్ళు పోగొట్టుకున్నారు. ఈ గొడవంతటిలో వేణువు వాయించే ఆవిడ ఏడుస్తూనే పాట మూడోసారి పూర్తిచేసింది. వాడి నెత్తురు చూసి నాకు సంతోషమేసింది, ఇప్పటికీ వేస్తుంది, దాచుకోను.

ఆపరేషన్ చేసినా రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. నా కుర్చీ పోయినట్టేనని ఏడుస్తుంటే పెద్దాయన మా వంటింటికొచ్చి, మిగిలిన వేళ్ళతోనే వాయించేలా, అతికించిన గిటారు తీగల శ్రుతి మార్చిపెట్టారు. మరో ఫిడేలు మాత్రం కొనలేదు. తలుపు గడియ వేసుకుని ఆయన నోటితో జతుల్లా జిగ్ పాడితే నేను వాయించేదాన్ని. పోయేదాకా అలాగే పాడారు. ఆ పబ్బు స్థలంలో ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి.

అరుపు మర్చిపోయి మనవరాలు మళ్ళీ గిటారు ఒళ్ళోకి తీసుకుంది. ఫోనులో చూసి నేర్చుకున్న జిగ్ అట, నాకు ఎప్పటినుంచో తెలిసినదే. పాట సగంలో వాళ్ళమ్మ అన్నానికి పిలిస్తే టక్కున ఆపేసి గిటారు కింద పెట్టింది, లేవబోతూ మళ్ళీ కాలు తగిలించింది, మళ్ళీ వంగింది. ఈసారి నేను అరవలేదు. మేము ఆ రోజుల్లో బూటు తాడు కట్టుకోవడానికి వంగాలన్నా ముందు చుట్టూ చూసుకునేవాళ్ళం. ఈ పిల్ల వంగేటప్పుడు తల ఎత్తి కూడా చూడలేదు. నేనే చూశాను, తలుపు వైపు.