ముందు చూడవలసినవాడు

ఆ మధ్యాహ్నం కొండ మీది పోస్టు దగ్గర షెల్లు పడ్డాక మిగిలిన లెక్క: గాయపడినవారు ఇద్దరు, వైద్య సహాయకుణ్ణి నేనొక్కణ్ణి, పెద్ద పట్టీలు ఆరు, టార్చి ఒకటి, రేడియో ఒకటి.

మొదటివాడికి ఎడమ చెంప పెదవి నుంచి చెవి దాకా చీలింది. ముందురోజే పోస్టుకి వచ్చాడు. మా శ్రీకాకుళం వాడే, నౌపడ దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబం. రెండోవాడు ఉత్తరాది కుర్రవాడు. తల రాయికి కొట్టుకుంది. చెవి పైన బొప్పి, రక్తం లేదు. "నాకేం కాలేదు, ముందు అతన్ని చూడు" అన్నాడు హిందీలో.

తలకు దెబ్బ తగిలినవాడు బాగానే మాట్లాడుతున్నా ఐదు నిమిషాలకోసారి పలకరించాలి, టార్చి వేసి కంటిపాపలు చూడాలి. శిక్షణలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

మొదటివాణ్ణి, రక్తం గొంతులోకి పోకుండా, ముందుకు వంచి కూర్చోబెట్టి కట్టు కట్టాను. రక్తం ఆగింది. లేవబోతుంటే చేయి పట్టుకున్నాడు.

"బావా, నా మొకం ఉన్నాదేటి?"

"ఉన్నాది. మాటాడకు."

"మా ఆవిడ గుర్తు పడతాదా?"

"నీ వాగుడు ఇని గుర్తు పడతాదిలే. నోరు ముయ్యి."

నవ్వబోయి మూలిగాడు. నేను ఆ యాస విని ఏడు నెలలైంది. కూర్చుండిపోయాను.

తిరిగి చూసేసరికి రెండోవాడు గోడకు ఒరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ఒక కంటిపాప రెండోదాని కంటే పెద్దదైంది. హెలికాప్టర్ కావాలని అప్పుడు అడిగాను. అది వచ్చేలోపే పోయాడు. 'ఐదు నిమిషాలకోసారి పరీక్షించాను' అని నివేదికలో రాశాను.

ఈ సెలవులో మొదటివాడు తన ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్ల అమ్మ చేపల పులుసు వడ్డించింది.

"తినవేటి నాయినా? నువ్వు నేకపోతే నా కొడుకు బతికీవోడు కాదు."

"ఈ అందగాడి మొకానికి కట్టు కట్టినోడికి ఇంకో ముక్క ఎయ్యమ్మా," అన్నాడతను.

ఆమె లోపలికి వెళ్లాక చెప్పేశాను. కట్టు పూర్తయ్యాక కూడా అతని దగ్గరే కూర్చున్నానని, నివేదికలో రాసింది అబద్ధమని. అతను తినడం ఆపాడు.

"నాను సెయ్యి పట్టుకోబట్టేనా బావా?"

"కాదు. నేను లేవలేదు."

"ఎంతసేపు?"

"ఇరవై రెండు నిమిషాలు."