వంతు చేసినవాళ్లదే మాట

2022లో, కాఫీ పండ్లు కోతకొచ్చిన కాలం. అప్పటికి నేను అరకులో ఒక కాఫీ రైతుల సంఘానికి సాఫ్ట్‌వేర్ పని చూస్తున్నాను. మాది సాలూరు. కొండ కింద పుట్టి, కొండెక్కి కంప్యూటర్ ముందు కూర్చున్నానని మావాళ్లంతా ఆటపట్టించేవారు. "అక్కడ కాఫీ తాగడం తప్ప నీకేటి పని?" అనేవాడు మా చిన్నాన్న. పని ఉంది. దాని పేరు 'వానకబురు'.

కోసిన పండుకి తొక్క తీసి, గింజ కడిగి, బరకాల మీద, అంటే టార్పాలిన్ పట్టాల మీద ఎండబెడతారు. సగం ఎండిన గింజ వానకి తడిస్తే వాసన మారిపోతుంది. అలాంటి సరుకును మంచి ధర ఇచ్చేవాళ్లు ముట్టుకోరు. అందుకని ప్రతి కళ్లంలో ఒక గుంజకి చిన్న డబ్బా కట్టాం. అందులోని సెన్సర్‌కి తడి తగలగానే సైరన్ మోగుతుంది, చుట్టుపక్కల కళ్లాల ఫోన్లకి కబురు వెళుతుంది. ఆ కబురు పంపే ప్రోగ్రామే మా వానకబురు.

అది ఓపెన్ సోర్స్. కోడ్ అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, మార్పులు పంపొచ్చు. వచ్చిన మార్పుని కలపాలా వద్దా అని తేల్చే మనిషిని మెయింటైనర్ అంటారు. ఆ మనిషిని నేనే. పెళ్లిలో వంటవాడి ఉద్యోగంలాంటిది. వంట బాగుంటే పెళ్లివారి గొప్ప, ఉప్పు ఎక్కువైతే మన తప్పు.

మా గుంపుకి ఇద్దరు మూలస్తంభాలు. సీలేరు కాలనీలో ఉండే ఎలక్ట్రీషియన్ నూకరాజు గారు డ్యూటీ దిగాక డబ్బాలన్నీ తన చేత్తో తయారుచేసేవారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే ప్రణవి సెలవు రోజుల్లో కోడ్ రాసేది. ఆయనకి యాభై దాటాయి, ఆ పిల్లకి పాతిక. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడలేదు.

గొడవ మబ్బుతో మొదలైంది. మా కొండల్లో పట్టపగలు ఎండ కాస్తుండగానే లోయలోంచి మబ్బు పైకెక్కి, కాసేపు కళ్లాన్ని కప్పేసి, తన దారిన తాను పోతుంది. ఆ కాస్త చెమ్మకి గింజకేమీ కాదు. డబ్బా మాత్రం తడి తగిలిందని గగ్గోలు పెట్టేది. తడి మెల్లగా చేరితే మబ్బు కింద లెక్కగట్టి సైరన్ ఆపేసే ఫిల్టర్ ఒకటి ప్రణవి రాసి పంపింది. "సైరన్ ఊరికే మోగుతూ ఉంటే, నిజంగా వాన వచ్చిన రోజు ఎవరూ లేవరు" అని కింద రాసింది.

నూకరాజు గారు వెంటనే జవాబిచ్చారు. "ముసురు కూడా మెల్లగానే మొదలవుద్ది. మీ ఫిల్టర్ దాన్నీ మబ్బే అనుకుంటాది. గింజ తడిస్తే జవాబెవరిది?"

అక్కడితో ఆగితే బాగుండేది. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకి కొండ సంగతి ఏం తెలుస్తుందని ఆయన రాశారు. మీ డబ్బాకి మబ్బుకీ వానకీ తేడా తెలియకపోతే అది నా గది తప్పా అని ఆమె రాసింది. మిగతావాళ్లు కూడా చెరోవైపు చేరి మంట ఎగదోశారు. చివరికి నూకరాజు గారు ఫోర్క్ చేస్తున్నానని ప్రకటించారు. కోడ్ కాపీ చేసుకుని వేరే దారిన నడపడాన్ని ఫోర్క్ అంటారు. మన మాటల్లో వేరు కుంపటి. కుంపట్లు రెండయితే ఆయన డబ్బాలు ఒకచోట, ఆమె కోడ్ ఇంకోచోట. కోతల కాలం మధ్యలో కళ్లాలన్నీ మూగబోతాయి.

"తేల్చండి మేడమ్" అని అందరూ నా మీద పడ్డారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఒకరికి అవునంటే రెండోవాళ్లు పోతారు. నాకు ఒళ్లు మండింది. చర్చకి తాళం వేసి, ఇంకెవరూ ఒక్క ముక్క రాయడానికి లేకుండా చేసి, అనంతగిరి వైపు బండెక్కాను.

అక్కడ ఒక గూడెంలో మహిళా సంఘం కళ్లం ఉంది. దాని పెద్ద సుభద్రక్క. ఈ ఏడు డబ్బా పనిచేస్తుందో లేదో చెప్పలేనని ఆవిడకి ముఖాముఖి చెప్పాలనుకున్నాను. సంగతంతా వింటూనే ఆవిడ గింజ తిరగేసింది.

"ఆలిద్దరూ ఎప్పుడైనా బరకం లాగినారా?" అంది.

"లేదక్కా."

"మరేటి మాటాడతన్నారు? మా కళ్లంలో ఇంటికొక మనిషి వంతేసుకుని కాపలా కాత్తాం. వంతు సేసినోళ్లదే మాట. సెయ్యకండా గట్టుమీద కూకుని సెప్పినోళ్ల మాట మేం ఇనం. ఆలిద్దర్నీ రమ్మను."

నాకు ఆ మాట పట్టుకుంది. కళ్లం దగ్గర వంతు చేసినవాళ్లకే ఓటు అని ఇద్దరికీ అదే రోజు రాశాను. రాకపోతే ఓడినట్టు అవుతుందనే పంతంతో ఇద్దరూ వచ్చారు.

ముందు నూకరాజు గారి వంతు, ఫిల్టర్ లేని పాత కోడ్‌తోనే. ఎండ ఎక్కగానే మబ్బు లేచింది. సైరన్ మోగింది. ఆయన పరుగెత్తి సంఘంవాళ్లతో కలిసి గింజ కుప్పచేసి బరకం కప్పారు. చెమట తుడుచుకునేసరికి ఫెళ్లున ఎండ. మళ్లీ పరిచారు. మళ్లీ మబ్బు, మళ్లీ సైరన్. మూడోసారికి నడుం మీద చేతులు పెట్టుకుని తను చేసిన డబ్బావైపే గుర్రుగా చూశారు.

"ఏటి బాబూ, మీ డబ్బాకి సలేసినా ఏడుపేనా?" అంది సుభద్రక్క.

కళ్లమంతా నవ్వింది. కాసేపటికి ఆయన కూడా నవ్వారు. ప్రణవి మాత్రం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఆ పిల్ల మీద నాకు గౌరవం అప్పుడే కలిగింది.

మర్నాడు ప్రణవి వంతు, ఆమె ఫిల్టర్‌తో. మబ్బు వచ్చింది, వెళ్లింది. డబ్బా కిక్కురుమనలేదు. పిల్ల ముఖం వెలిగిపోయింది. మధ్యాహ్నం దాటాక ఇంకో మబ్బు వచ్చింది. ఇది కళ్లంలోకి దిగలేదు, నెత్తిమీదే నిలబడిపోయింది. గింజ తిరగేస్తున్న ప్రణవి చేతి మీద సన్నగా చినుకు పడింది, తర్వాత ఇంకోటి. డబ్బా మౌనంగానే ఉంది.

"వాన! వాన!" అని తనే సైరన్‌లా అరిచింది.

బరకం ఒక మనిషి లాగితే వచ్చేది కాదు. రెండో కొస పట్టుకున్నది నూకరాజు గారే. అంచున కాస్త గింజ తడిసింది, మిగతాది దక్కింది. పాక కింద నిలబడ్డాక ప్రణవి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు చెప్పిందే నిజం సార్."

"నా కోడ్‌తో నేను పడ్డ పాట్లు నువ్వు సూడనేదేటమ్మా? ఊరుకో. కూకో ముందు" అని పాక చూరు కింది బల్ల చూపించారాయన.

ఆమె కూర్చోబోయి ఆగింది. బల్లని అరచేత్తో తడిమింది. "సార్, పొద్దున మబ్బు వచ్చినప్పుడు ఈ బల్ల తడిగా ఉంది. ఇప్పుడు బయట వాన పడుతున్నా పొడిగా ఉంది."

మబ్బు చూరు కిందకీ దూరుతుంది. వాన పైనుంచే పడుతుంది. ఇన్నాళ్లూ కీబోర్డుల మీద కొట్టుకున్న గొడవకి సమాధానం ఆ బల్ల మీద ఉంది. నూకరాజు గారు సుభద్రక్క వైపు తిరిగారు.

"అమ్మా, పాత కంచం ఒకటి బేగి ఇప్పించండి."

గుంజకి కంచం బోర్లించి కట్టి, దాని కింద రెండో సెన్సర్ పెట్టారు. రెండూ తడిస్తే మబ్బు, నోరు మూసుకో. పైది మాత్రమే తడిస్తే వాన, అరిచెయ్. ఆమె కోడ్ రాస్తుంటే ఆయన వైర్లు కలుపుతూ, "ఇక్కడ ఇంకో మాట రాయమ్మా" అని చెబుతున్నారు. నాలుగు రోజుల కింద వీళ్లేనా తిట్టుకున్నది అనిపించింది నాకు.

మర్నాడు మబ్బు లేచింది. గూడెం అంతా డబ్బా కేసి చూస్తూ నిలబడింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సుభద్రక్క దాన్ని బిడ్డని మెచ్చుకున్నట్టు తట్టింది.

మిగతా కళ్లాలకి కంచాలు కట్టించడం అయిందో లేదో, అల్పపీడనం పట్టింది. ఆ మధ్యాహ్నం నేను అరకు ఆఫీసులో ఉన్నాను. మొదట ఒక కళ్లంలో సైరన్ మోగినట్టు కబురు వచ్చింది. ఆ వెంటే వరసగా, 'కప్పేసినాం', 'కప్పేసినాం' అని ఫోన్ నిండిపోయింది. ఒక్క కళ్లంలోనూ గింజ తడవలేదు. కుర్చీలోంచి లేచి గంతులు వేశాను, సిగ్గేం లేదు. ఆ ఏడు కప్పింగ్‌లో, అంటే కాఫీ కాచి రుచిచూసి తరగతి నిర్ణయించే పరీక్షలో, సుభద్రక్క కళ్లం గింజకే మా సంఘంలో మొదటి స్థానం.

వేరు కుంపటి ఆరిపోయింది. ఆ మార్పు కింద ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి. నూకరాజు గారు ప్రణవిని ఇప్పుడు 'మా గుంట' అంటారు, మా పిల్ల అని. సైరన్ నియమం మార్చాలనుకునేవాళ్లు ముందు ఒక కళ్లంలో వంతు చేయాలని మా ప్రాజెక్టు నియమాల్లో రాసుకున్నాం. బెంగళూరు నుంచి వచ్చి బరకాలు లాగి వెళ్లినవాళ్లున్నారు. అందరిచేతా ఒకే మాట అనిపించడం ఐకమత్యం అనుకునేదాన్ని. ఒకే బరకం పట్టుకున్నాక మాటలు వేరైనా ఫరవాలేదని ఈ గొడవ నాకు నేర్పింది.

ఆ నియమం రాసినప్పుడు సుభద్రక్క ఒక ప్రశ్న వేసింది. "వంతు సేసినోళ్లదే మాటన్నావు. మరి మా మాటేదీ?" న్యాయమే. అప్పటినుంచి ఆవిడ కూడా మెయింటైనర్. ఆవిడ ఫోన్‌లో 'సరే' అంటే తప్ప సైరన్ జోలికి ఏ మార్పూ వెళ్లదు.

కిందటేడు నేనే ఒక చిన్న మార్పు పంపాను. చెవులు చిల్లులు పడుతున్నాయని సైరన్ మోత తగ్గించాను. సుభద్రక్క ఫోన్ చేసింది.

"ఆలందరి సేతా లాగించినావు. నువ్వెప్పుడు సేసినావమ్మా వంతు?"

మర్నాడు పొద్దున్నే కొంగు బిగించి వెళ్లి బరకం కొస పట్టుకున్నాను. రెండో కొస ఆవిడ పట్టుకుంది.