కృష్ణ ఏ కిటికీకి కనిపిస్తుంది?

ఈ రోజు పొద్దున నేనూ మా అవ్వా కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కాం. అక్కడ చుట్టాలింట్లో సీమంతం. కిటికీ సీటు అవ్వదే, అందులో మాటే లేదు. సాత్తూరు దాటాక చెప్పాను, రేపు ఆఫీసు పని మీద మదురై నుంచి హైదరాబాదుకు విమానంలో పోతున్నానని.

"ఎంతసేపు పడతాది?"

"గంటన్నర అవ్వా. ఈ బస్సు కంటే కాస్త ఎక్కువ, అంతే."

నవ్వుతుందనుకున్నా. బయట నల్లరేగడి చేల వైపు చూస్తూ ఉండిపోయింది. మా వాళ్ళు ఎప్పుడో తెలుగుసీమ నుంచి ఎద్దులబండ్లలో ఈ తమిళనాడుకు దిగి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఎన్నేండ్లు పట్టిందో ఎవరికీ తెలియదు.

"మనోళ్ళు కృష్ణ కాడ నీళ్ళు తగ్గేదాకా గట్టు మీదనే కాపురం ఉండిరంట పాపా. ఆడనే ఒక బిడ్డ పుట్టెనంట. ఆ బిడ్డ వంశమే మనం" అంది. నా వైపు తిరిగి, "దాటేటప్పుడు ఒక దండం పెట్టు. విమానం ఆపమని అడగొద్దులే, వాళ్ళకు వేరే పనులుంటాయి."

బండ్ల కత చిన్నప్పటి నుంచీ విన్నదే. బిడ్డ సంగతి మాత్రం ఇవాళే విన్నా. విరుదునగర్ వచ్చినా సీట్లోంచి లేవబుద్ధి కాలేదు.

వాళ్ళు అన్నాళ్ళు చూస్తూ కూర్చున్న నీళ్ళను నేను కన్ను మూసి తెరిచేలోగా దాటేస్తా. అందుకే అడుగుతున్నా. మదురై నుంచి హైదరాబాదుకు ఎగిరినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, కృష్ణ ఎడమ కిటికీకి కనిపిస్తుందా, కుడి కిటికీకా? సీటు ఇంకా ఎంచుకోలేదు. దండం తప్పు దిక్కుకు పెట్టానంటే అవ్వ ఊరుకోదు.