అక్క కోసం పన్నెండు రోజులు

మొన్న సాయంత్రం పక్కింటి కోడలు మా అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తూ, పిల్లలు లేనివాళ్లకు అండాలిచ్చే ఆడవాళ్లకు ఏమేం చేస్తారో అందులో రాశారని చెప్పి, ఇవన్నీ నిజమేనా అత్తా అని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను. ఇరవై రెండేళ్లుగా నాకు తెలుసు. చెప్పుకోవడానికే ఎవరూ లేరు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిది. మావారికి చోడవరం చక్కెర ఫ్యాక్టరీలో పని, మా బాబు బడికి వెళుతున్నాడు. అనకాపల్లిలో ఉన్న మా అక్కకు పెళ్లయి పదకొండేళ్లయినా పిల్లల్లేరు. అక్క అండాలు పనికిరావనీ, చెల్లెలు ఇస్తే బిడ్డను అక్కే మోయవచ్చనీ విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట అమ్మే మా వంటింట్లోకి మోసుకొచ్చింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల్లాళ్లు పక్కనే పడుకున్న అక్క కదా, వెంటనే సరేనన్నాను. మావారూ కాదనలేదు గాని, ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఏం జరుగుతుందో నన్ను కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. నెలసరి వచ్చిన రెండో రోజు నుంచి పొట్ట మీద సూదులు మొదలయ్యాయి. వీధిలో వాళ్లు అడిగితే రక్తం తక్కువని చెప్పేదాన్ని. రోజు విడిచి రోజు స్కానింగ్ కోసం ఒక్కదాన్నే బస్సెక్కి విశాఖ వెళ్లేదాన్ని. వారం తిరిగేసరికి పొట్ట ఉబ్బి చీర నిలిచేది కాదు, చిన్న మాటకే ఏడుపొచ్చేది. పన్నెండో రోజున చెప్పిన గంటకే ఆఖరి సూది వేయించుకుని, మర్నాడు కాక ఆ మర్నాడు పొద్దున్నే వెళితే మత్తిచ్చి అండాలు తీశారు.

కళ్లు తెరిస్తే గదిలో నావాళ్లెవరూ లేరు. పొత్తికడుపు మెలిపెడుతోంది. ఎన్ని పనికొస్తాయో కనుక్కోవడానికి అమ్మ, అక్క, బావగారు డాక్టరమ్మ గది ముందు ఉన్నారట. ఆయా కొబ్బరినీళ్లు తాగించి, "ఏడవకమ్మా, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది" అంది. నొప్పి ఆమె చెప్పినట్టే తగ్గింది.

అక్కకు పాప పుట్టింది. మూడేళ్లపాటు వీలైనప్పుడల్లా వెళ్లి ఎత్తుకునేదాన్ని. పాప మూడో పుట్టినరోజున బంధువులావిడ ఒకామె, ఈ గుంట అచ్చం పిన్నిలాగే ఉందే అంటే అందరూ నవ్వారు, అక్క తప్ప. నేను బయలుదేరుతుంటే వీధి గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కొన్నాళ్లు రాకే. నువ్వొస్తే అది నీ ఒళ్లోంచి దిగదు. నాకు బయమేస్తంది."

అలాగే అక్కా అన్నాను. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో తను చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత వాళ్లు బదిలీ మీద రాజమండ్రి వెళ్లిపోయారు. అమ్మ పోయాక వాళ్ల కబుర్లు చెప్పే మనిషీ లేకుండా పోయింది.

నిరుడు అనకాపల్లిలో ఒక పెళ్లిలో పొడుగాటి అమ్మాయి నా దగ్గరికొచ్చి, "ఇక్కడెవరైనా ఉన్నారా ఆంటీ?" అని పక్క కుర్చీ చూపించింది. చూడగానే పోల్చుకున్నాను. ఎవరూ లేరమ్మా అన్నాను. కూర్చుని కాలేజీ కబుర్లు చెబుతూ ఉంటే వింటూ ఉండిపోయాను. దూరం నుంచి అక్క మమ్మల్ని చూసింది. రాలేదు, కూతుర్ని పిలవనూ లేదు.

ఇప్పుడు ఇచ్చేవాళ్లకు ముందే అన్నీ వివరించి సంతకాలు తీసుకుంటారట, ఎవరిచ్చారో ఎవరికిచ్చారో ఒకరికొకరికి తెలియనివ్వరట. మంచిదే. మా రోజుల్లోనూ అలాగే ఉండి, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చి ఉంటే, నాకు అక్క మిగిలేది. కానీ భోజనాలకు పిలిచేదాకా నా పక్కన కూర్చున్న ఆ పిల్ల ఉండేది కాదు.