యాదమ్మ గెలిచిన మధ్యాహ్నం

దయ్యాలు, మాయలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు నవ్వొచ్చేది. చిన్నప్పుడు మా తణుకులో అందరూ భయపడే మూతబడ్డ రైసు మిల్లులోకి పందెం కట్టి వెళ్లొచ్చినదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. నేను మా పిన్ని వాళ్లింట్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకునేదాన్ని. స్వప్న అక్కడే పరిచయమైంది. పంజాగుట్ట అమ్మాయి. వాళ్ల నాన్న సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేసేవారు. స్వప్నది సన్నటి, తేటైన గొంతు. ఆమె లేచి జవాబు చెబుతుంటే క్లాసంతా తలలు తిప్పి వినేది.

మా ఇద్దరికీ ఒక గేమ్ పిచ్చి ఉండేది. ఒక్కరు మాత్రమే ఆడగలిగే రోల్ ప్లేయింగ్ గేమ్ అది. కత్తి పట్టిన ఒక వీరనారి, ఆమె తిరగడానికి ఒక పెద్ద రాజ్యం. స్వప్న వాళ్ల పాత కంప్యూటర్‌లో అది నడిచేది కాదు. అందుకని హెడ్‌సెట్లు పెట్టుకుని వాయిస్ చాట్‌లో కలిసి ఆడేవాళ్లం. నేను ఆడుతూ, తెర మీద కనిపించేదంతా చెప్పేదాన్ని. ఆమె గ్రాఫు కాగితం మీద దారులు గీసుకుంటూ ఎటు వెళ్లాలో, ఎవరిని నమ్మాలో చెప్పేది. వీరనారికి పేరు పెట్టమని గేమ్ అడిగితే స్వప్న వాళ్ల నానమ్మ పేరే పెట్టేసింది. యాదమ్మ.

ఆ వేసవిలో స్వప్నకు గొంతులో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రమాదకరమైనది కాదని తేలింది కానీ, మాట పోయింది. గొంతు నరం బలహీనపడిందనీ, మాట రావచ్చు, రాకపోవచ్చుననీ, రోజూ గొంతు సాధన చేస్తూ ఉండాలనీ డాక్టరు చెప్పారు. నాలుగు రోజులు చేసి మానేసింది. ఇంకో రెండు మూడు నెలల్లో మా ఇన్‌స్టిట్యూట్‌కు కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలకు వస్తారన్న సమయం. ఆమె ఇంట్లోంచి బయటికి రావడమే మానుకుంది.

ఒక్క యాదమ్మనే వదల్లేదు. నేను మాట్లాడేదాన్ని, ఆమె విని చాట్‌లో టైప్ చేసేది. ఆట తెర నిండా ఉంటుంది కాబట్టి, ఆమె రాసింది చదవాలంటే ఆట ఆపాలి. ఆపి, చదివి, మళ్లీ ఆడేదాన్ని.

చివరికి రాతి రాక్షసుడి దగ్గర ఇరుక్కుపోయాం. ఆ పోరాటాన్ని మధ్యలో ఆపే వీలు లేదు. పది పన్నెండు సార్లు ఓడిపోయాం. ప్రతిసారీ ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ వేస్తున్నాడో నాతో చెప్పించుకుని, దేనికి ఎటు తప్పుకోవాలో స్వప్న వరసగా రాసి పెట్టింది. నేను ఆ వరస బట్టీ పట్టేదాన్ని, సగం దాటేసరికి కంగారులో మరిచిపోయేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి చాలా దూరం వచ్చాను. యాదమ్మలో ప్రాణం రవ్వంత మిగిలింది. వాడిలోనూ అంతే. తర్వాతి దెబ్బ ఎటునుంచో గుర్తు రాలేదు.

"ఎడమకు దుంకే సుధా!"

హెడ్‌ఫోన్‌లో స్వప్న గొంతు. ఆలోచించకుండా దూకాను. బండలాంటి చెయ్యి పక్కనే పడింది.

"వంగు! ఇగ కుడికి! పొడువే, పొడువు!"

పొడిచాను. కొండంత రాక్షసుడు ముక్కలైపోయాడు. కోటలో గంటలు మోగాయి. నేను కుర్చీ ఎక్కి అరుస్తుంటే పిన్ని గరిట పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"గెలిచామే! నీకు మాటొచ్చిందే!" అన్నాను మైకులో. జవాబు లేదు. ఆట మూసి చాట్ చూశాను. అంతకుముందే ఆమె పంపిన మెసేజ్ ఉంది: "ఏమైందే? గెలిచినమా? జర చెప్పు."

ఎండలో పంజాగుట్టదాకా సగం నడక, సగం పరుగు. వాళ్లమ్మ తలుపు తీసింది. అంతసేపూ ఆమె స్వప్న పక్కనే కూర్చుని చింతచిగురు ఏరుతోందట.

"అది నోరే తెర్వలేదు బిడ్డా. నేనీడనే ఉన్న కదా," అంది.

కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. చెవులకు వినిపించే ఆకుపచ్చ పిన్ను పెట్టి ఉంది. మైకు పిన్ను, ఆ గులాబీ రంగుది, బల్ల మీద పడి ఉంది. మాటే లేనప్పుడు మైకెందుకని ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజే పీకేసిందట.

నేను విన్న మాటలు చెప్పాను. స్వప్న తన కాగితం చూపించింది. ఎడమ, వంగు, కుడి, పొడువు. అదే వరస. కింద పెన్సిల్‌తో రాసింది: "మనసుల మస్తు మొత్తుకున్న." దాని కిందే ఇంకో మాట రాసింది: "నా గొంతు ఎట్లుండె?"

"కొంచెం బొంగురుగా ఉందే. కానీ నీదే," అన్నాను.

చప్పుడు లేకుండా ఏడ్చింది. చప్పుడు లేకుండానే నవ్వింది. మర్నాటి నుంచి అద్దం ముందు కూర్చుని సాధన మొదలుపెట్టింది. వాళ్లమ్మ చెప్పేది, అన్నం పెట్టినా లేచేది కాదని.

ఏడో వారమో ఎనిమిదో వారమో, పిన్ని ఫోనెత్తి, "ఎవరో బొంగురు గొంతమ్మాయి, నీకోసమే," అంటూ నాకిచ్చింది.

"సుధా, నేనే," అంది అవతల.

సన్నటి పాత గొంతు కాదు. ఆ ఆదివారం విన్న గొంతు, అచ్చం అదే. మాట చివర ఆ చిన్న గరగరతో సహా.

కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు స్వప్న ఆ గొంతుతోనే ఇంటర్వ్యూకి వెళ్లింది. గొంతుకేమైందని అడిగితే దాచకుండా అంతా చెప్పి, ఆపైన అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చింది. నోటీసు బోర్డులో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆమెది నాకన్నా పైన. వాళ్లమ్మ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీదే మా ఇద్దరినీ పట్టుకుని గిర్రున తిప్పేసింది.

ఆ కంగారులో నేనే ఊహించుకున్నానని చాలామంది అన్నారు. కావచ్చు. కానీ ఊహించుకుని ఉంటే నాకు తెలిసిన పాత గొంతే వినబడాలి కదా? నాకు వినబడింది అప్పటికి ఇంకా ఎవరూ వినని గొంతు. స్వప్న కూడా వినలేదు. అదెలా జరిగిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.