ఆసుపత్రి కప్పు మీద మేక

ఆ రోజుల్లో రాష్ట్రం కొత్తది, పంచాయతీ సమితి కొత్తది, నా ఉద్యోగం అంతకన్నా కొత్తది. ఇన్ని కొత్తల మధ్య పాతది నా భయం ఒక్కటే. (అది పుట్టుకతో వచ్చింది.) మార్కాపురం, గిద్దలూరు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెలో పశువుల ఆసుపత్రి కట్టించడానికి నన్ను ఓవర్సీరుగా వేశారు. ఆర్నెల్ల టెంపరరీ. కట్టడం చూసి సమితి ఆఫీసరు గారు సరేనంటే పర్మనెంటు, కాదంటే ఇంటికి. ఇంట్లో నాయన ఉన్నాడు. నా చదువు కోసం కాడెద్దులను అమ్మి, అరువెద్దులతో సేద్యం చేస్తున్నాడు. ఉద్యోగం పోయిందని ఆ మనిషికి చెప్పడం కంటే నల్లమలలో చిరుతపులికి ఎదురుపోవడం తేలిక అనుకునేవాణ్ణి.

ఖర్చు తగ్గిస్తే ఆఫీసరు గారు మెచ్చుకుంటారని ఎవరో చెవిలో వేశారు. ఎస్టిమేటులో కప్పుకు నాపబండలు రాసి ఉన్నాయి. అవి నంద్యాల వైపు నుంచి రైల్లో గిద్దలూరుకు, అక్కణ్ణుంచి ఎడ్లబండ్ల మీద రావాలి. మార్కాపురం పలకల గనుల దగ్గరేమో విరిగిన పలకరాయి గుట్టలుగా ఊరికే పడి ఉంది. బండి బాడుగ పెట్టుకుంటే చాలు. దాన్ని పెంకుల్లాగా పరిచి మేకులు కొట్టిస్తే కప్పు అయిపోతుంది కదా అనుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? పశువులకు అంత ఎత్తు దేనికని గోడలు కూడా ఒక మూర తగ్గించాను. దాంతో వెనకనున్న బండరాయికీ కప్పు అంచుకూ మధ్య జానెడు సందు మిగిలింది. గోడలు కట్టే మా బేల్దారి తాత తాపీ పక్కన పెట్టి చాలాసేపు అటే చూశాడు.

"అంతా బాగుంది గాని నాయనా, దీనిమీదికి మేక ఎక్కితే ఏంది గతి?" అన్నాడు.

"ఆసుపత్రికి మేకలు తలుపులో నుంచి వస్తాయి తాతా, కప్పులో నుంచి కాదు" అన్నాను. (తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

"సరే, సదువుకున్నోడివి" అని తాత మళ్ళీ పనిలో పడ్డాడు. మా వైపు పెద్దవాళ్ళు ఆ మాట అన్నారంటే ఇక వాదించరు.

ఆఫీసరు గారు జీపులో వచ్చిన రోజునే మందలకు సూదులు వేయించాలని ఊరంతా గొర్రెల్నీ మేకల్నీ తోలుకొచ్చారు. ఆయన లోపల కుర్చీలో కూర్చుని ఫైలు తిప్పి, "కప్పు ఖర్చు సగానికి తెచ్చావే, శెభాష్" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో పైన టకటకమని గిట్టల చప్పుడు. ఏదో మేక సూదిని చూసి బెదిరి, బండ ఎక్కి కప్పు మీదికి దూకింది. చప్పుడు ఒక్కో అడుగే ఆయన కుర్చీ వైపు వస్తోంది. "సార్, బయట గాలి బాగుంది, అక్కడ కూర్చుందాం" అన్నాను. "ఇక్కడే చల్లగా ఉందయ్యా" అన్నారు. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, చర్చి వీధి వాళ్ళ ప్రభువుతో సహా. ఎవరూ పలకలేదు. ఫెళ్ళుమని పలక విరిగి ముక్కలు ఫైలు మీద పడ్డాయి, ఆయన నెత్తికి మూరెడు పైన మేక కాలొకటి వేలాడింది.

"నా మేక కాలు ఇరిగిందేమో సూడు డాక్టరప్పా" అని బయట ఒక అవ్వ ఏడుస్తోంది. లోపల ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు గారు కాలును చూశారు, తర్వాత నన్ను చూశారు.

"ఈ కప్పు ఎన్నేళ్ళుంటుందని రాశావు?"

"ఏళ్ళు రాయలేదు సార్."

"కట్టినప్పుడు అయ్యేదొక్కటే ఖర్చు కాదయ్యా. నిలబడినన్నాళ్ళూ అది తినేది కూడా ఖర్చే. ఇంకో ఏడాది టెంపరరీగానే ఉండు. దీనికి వేసే ప్రతి అతుకూ ఒక పలక మీద రాసి పెట్టు. అప్పుడు చూస్తా."

ఆ ఏడాది మేకలు నాకు నిద్ర లేకుండా చేశాయి. మేకలు వదిలిన చోట వానలు పట్టుకున్నాయి. పలక ఒక వైపు నిండింది, రెండో వైపూ నిండింది, మొత్తం కూడితే నాపబండల ఖర్చు దాటిపోయింది. కొన్ని అతుకులు చెరిపేద్దామని తడిగుడ్డ కూడా చేతిలోకి తీసుకున్నాను. భయమేసి మానుకున్నాను. పలక తీసుకుపోయి ఇస్తే ఆయన రెండు వైపులా చదివి, "ఒక్కటీ దాచలేదే" అని పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టారు. తర్వాత గోడలు లేపి నాపబండలే వేయించాను. ఇంటికి పోయి నాయనకు అంతా చెప్పాను. అంతా విని, "ఆ మేక కాలు బాగైనాదా?" అని ఒక్కటే అడిగినాడు.

తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో వంతెనలు, చెరువు తూములు, ఎన్నిటికో సంతకాలు పెట్టాను. కుర్ర ఇంజనీర్లు ఎస్టిమేటు తెస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: "దీనిమీదికి మేక ఎక్కితే?" ముసలాయనకు మతి చెడిందని వరండాలో నవ్వుకునేవారు, నేనూ నవ్వుకునేవాణ్ణి. ఆ ప్రశ్న నాది కాదని, నేను నవ్వి కొట్టిపారేసిన ఒక బేల్దారి తాతదని మాత్రం వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.