లాకు కింద ఏటిపాల

మొన్న వేసవిలో బావగారి పెద్దకర్మకి దివిసీమ వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక ఇంట్లో కూర్చోలేక, ఆయన లస్కరుగా కాలువ తలుపులు చూసుకుంటూ జీవితమంతా పనిచేసిన లాకు దగ్గరికి నడిచాను. కాలువలకి నీళ్లు కట్టేసిన రోజులు. లాకు కింద ఏటిపాల చెట్టు నిలబడే ఉంది. దాని మొదట్లో బురద మాత్రం నెర్రెలు విచ్చింది.

దీని తల్లిచెట్టుని, గుడివాడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరిన కొత్తలో, అక్కని చూడవచ్చి, లాకుకి ఎగువన గట్టంచున చూశాను. ఆకు పైన పచ్చన, అడుగున తెలుపు. కొండవాగుల పక్కన పెరిగే చెట్టు ఏ వరదకి కొట్టుకొచ్చిందో గాని, మన డెల్టాలో నా కంటబడింది అదొక్కటే. ప్రపంచం మొత్తం మీద ఈ జాతికి ముప్పు లేదని పుస్తకాలు రాస్తాయి కనుక, మన గట్టున అది ఆఖరిదన్న సంగతి ఏ జాబితాకీ ఎక్కదు. ఊరివాళ్లకి అది గేదెలు వీపు రుద్దుకునే చెట్టు.

నేను దాన్ని చూసిన వేసవిలోనే గట్టు వెడల్పు చేసే పని మొదలై, మట్టి తవ్వే యంత్రం రోజుకింత దగ్గరికి రాసాగింది. కొట్టాల్సిన చెట్లకి సున్నం గుర్తు పెట్టే పని బావగారిదే. వదిలేస్తే ఆయన ఉద్యోగానికే ఎసరు. తెల్లారితే యంత్రం వస్తుందనగా, ఆ సాయంత్రం ఇద్దరం గబగబా కొమ్మలు కోశాం. ఏటిపాల కొమ్మ నాటితే బతుకుతుంది. మళ్లీ ఏ యంత్రమూ ముట్టుకోకూడదని నేను వాటిని గట్టుకి ఎడంగా మెరకలో నాటించాను.

"ఏమోయ్ మేష్టారూ, దీని కాళ్లు నీళ్లలో ఉండాలి. మెరకన నిలబెట్టి పాఠం చెప్తే వింటుందా?" అన్నారు బావగారు.

బిందెలతో పోస్తే చాలని, నా చదువు మీది ధీమాతో చెప్పి వెళ్లిపోయాను. రోహిణి ఎండలకి అన్నీ మాడిపోయాయి. కొన్నేళ్లకి లాకు కింద ఈ చెట్టు కనబడి అడిగితే, అదే మొలిచిందోయ్ అన్నారు. నమ్మాను.

అసలు సంగతి పెద్దకర్మనాడు, నేను లాకుకి బయల్దేరే ముందే అక్క చెప్పింది. కొమ్మలు కోసిన సాయంత్రమే ఆయన ఒక కొమ్మ దాచి, లాకు కింద బురదలో గుచ్చారట. కాలువ కట్టేశాక ఊరి తాగునీటి కోసం లాకు పైన కొన్ని నీళ్లు నిలుపుతారు. అవి కారిపోకుండా చెక్క తలుపుల సందుల్లో ఎండుగడ్డి, బంకమట్టి కూరడం లస్కరు పని. ఆయన కూరితే చుక్క దిగదని పేరు. అలాంటి మనిషి, చెట్టు వేరు పట్టేదాకా రెండు వేసవులు, ఒక మూల వేలెడు సందు వదిలేశారు. ఆ నీళ్లతో నింపుకునే ఊరి చెరువు అడుగంటుతున్న రోజుల్లో ఆడవాళ్లు బిందెలతో లాకు మీదికొచ్చి తిట్టిపోశారు. పై అధికారి అందరి ముందూ నీకు పని చేతకాదా అని నిలదీస్తే, "చెయ్యి సరిగా తిరగలేదండీ" అని తల దించుకున్నారట. కొమ్మ గుచ్చిన సంగతి నాతో ఎందుకు చెప్పలేదని అక్కనడిగాను. చెబితే నువ్వు నాటించింది తప్పనాలి కదరా అంది.

ఇప్పుడు లాకుకి ఇనుప తలుపులు, వాటికి రబ్బరు అంచులు. చుక్క కారదు. తాగునీళ్లు కనుక కారకూడదు కూడా, తప్పుపట్టడానికేమీ లేదు. లాకు పైనుంచి ఒక బిందె నీళ్లు తెచ్చి చెట్టు మొదట్లో పోశాను. నెర్రెలు అప్పుడే తాగేశాయి. ఇంకో బిందె పోశాను. మర్నాడు పొద్దున్నే నా బస్సు. ఒక చెట్టు కోసం వేలెడు సందు వదిలి, పని చేతకానివాడని ఊరందరి చేతా అనిపించుకోవడానికి ఒప్పుకునే మనిషి ఆ లాకు మీద ఇప్పుడు లేడు.